కౌజుపిట్టల వంశసంపద

పాఠ్యాంశ పరిచయం

ఇది వైజ్ఞానిక వ్యాసం. గుడ్ల కోసం పెంచే కౌజుపిట్టలలో జన్యువైవిధ్యం అంటే ఏమిటి, అది ఎలా తరిగిపోతుంది, దానిని ఎందుకు కాపాడుకోవాలి అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది. శాస్త్ర విషయాన్ని మనకు తెలిసిన మాటలతో ఎలా చెప్పవచ్చునో కూడా చదువుతూ గమనించండి.

చుక్కల గుడ్లు

కోడిగుడ్ల తట్టను చూస్తే ఒక గుడ్డుకూ మరొక గుడ్డుకూ పెద్ద తేడా కనిపించదు. కౌజు గుడ్ల తట్ట అలా ఉండదు. ఒక గుడ్డు మీద గోధుమరంగు మచ్చలు పెద్దవిగా పరచుకొని ఉంటాయి. మరొక గుడ్డు మీద సిరా చిలకరించినట్లు సన్నని నల్లని చుక్కలు ఉంటాయి. ప్రతి పెట్టకూ తనదైన చుక్కల తీరు ఉంటుంది. అది పెట్టే గుడ్లన్నీ ఇంచుమించు ఆ తీరులోనే వస్తాయి. అలవాటుపడిన కన్ను గుడ్డును చూసి, అది ఏ పెట్టదో పోల్చుకోగలదు. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో మరొక వింత బయటపడింది. కౌజుపెట్టలు తమ గుడ్ల చుక్కలకు కలిసిపోయే రంగు నేలను ఎంచుకొని అక్కడ గుడ్లు పెడుతున్నాయి. శత్రువుల కంటపడకుండా ఉండటానికి ఇది ఒక ఉపాయం.

ఈ చుక్కల తేడా పైకి కనిపించేది. కంటికి కనిపించని తేడాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒక పెట్ట ఎక్కువ గుడ్లు పెడుతుంది. మరొకటి ఎండవేడిని బాగా తట్టుకుంటుంది. ఒకటి రోగం వచ్చినా తేరుకుంటుంది, మరొకటి తేరుకోలేదు. ఇలాంటి తేడాలలో చాలావాటికి మూలం జన్యువులలో ఉంటుంది. తల్లిదండ్రుల గుణాలను పిల్లలకు అందించేవి జన్యువులు. ఒకే జాతికి చెందిన ప్రాణులలో ఈ జన్యువులు రకరకాలుగా ఉండటాన్నే జన్యువైవిధ్యం అంటారు.

కౌజు ఎవరు?

మనం కౌజుపిట్ట అనే పక్షిని తమిళులు కాడై అంటారు. ఒడియాలో గుండురి అంటారు. మన పొలంగట్ల మీద, గడ్డిబీళ్ళలో తిరిగే అడవి కౌజులు వేరు. ఫారాలలో పెంచే కౌజులు వేరు. అడవి కౌజులలో వాన కౌజు అని ఒకటి ఉంది. దాని శాస్త్రీయ నామంలో మన కోరమాండల్ తీరం పేరు కలిసి ఉంది. ఇటువంటి అడవి పక్షులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది.

ఫారాలలో గుడ్ల కోసం, మాంసం కోసం పెంచేది జపాను కౌజు. దీని అడవి బంధువులు జపాను, కొరియా, చైనా, మంగోలియా, తూర్పు రష్యా ప్రాంతాలలో ఉన్నాయి. పెంపుడు కౌజులలో గుడ్ల రకం పెట్ట సుమారు 120 నుండి 160 గ్రాముల బరువు ఉంటుంది. గుడ్డు బరువు దాదాపు 10 గ్రాములు. అంటే పెట్ట తన బరువులో ఏడెనిమిది శాతం బరువున్న గుడ్డు పెడుతుందన్నమాట. కోడిపెట్ట గుడ్డు దాని బరువులో మూడు శాతం చుట్టూ ఉంటుంది. చక్కగా పోషిస్తే కౌజుపెట్ట ఏడాదికి 250కి పైగా గుడ్లు పెట్టగలదు.

గుడ్డు నుండి పిల్ల రావడానికి 17, 18 రోజులు చాలు. ఆ పిల్ల ఆరేడు వారాలకే గుడ్డు పెట్టే వయసుకు వస్తుంది. ఇంత త్వరగా తరాలు మారే పక్షి కనుక శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలల్లోనూ పెంచుతారు. 1990 మార్చిలో ‘మీర్’ అంతరిక్ష కేంద్రంలో గుడ్డును పగులగొట్టుకొని బయటికి వచ్చిన మొట్టమొదటి పక్షిపిల్ల కౌజుదే.

ఇన్ని విశేషాలున్న ఈ పక్షి ఒక పనిని మాత్రం దాదాపు మరచిపోయింది. పెంపుడు కౌజుపెట్ట సాధారణంగా తన గుడ్లను తాను పొదగదు. మనిషి పొదిగే యంత్రంలో పెట్టి పిల్లలను చేయాలి. కాబట్టి దీని వంశాభివృద్ధి పూర్తిగా మనిషి చేతిలోనే ఉంది. ఏ గుడ్డును పొదిగించాలో, ఏ పుంజును ఏ పెట్టతో జతపరచాలో మనిషే నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం సరిగా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి జపానులో జరిగిన కథ ఒకటి ఉంది.

తిరిగి రాని పాట

జపానులో కౌజులను మొదట గుడ్ల కోసం పెంచలేదు. పాట కోసం పెంచారు. మగ కౌజు కూతలో ఒక లయ ఉంటుంది. ఆ కూత బాగున్న పక్షులను ఎంచి, జతపరచి, తరతరాలుగా పెంచారు. ఎవరి పక్షి మధురగానం చేస్తుందో తేల్చడానికి పోటీలు పెట్టుకునేవారు. ఎదో కాలంలో ఈ వేడుక బాగా సాగింది.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి జనం చూపు పాట నుండి గుడ్డు వైపు మళ్ళింది. 1910 తర్వాత గుడ్ల కోసం, మాంసం కోసం కౌజుల పెంపకం పెద్ద పరిశ్రమగా ఎదిగింది. ఎక్కువ గుడ్లు పెట్టే వంగడాలు తయారయ్యాయి. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. మనుషులకే తిండి కరవైన రోజులలో పక్షులకు గింజలెక్కడివి? గుడ్ల వంగడాలలో చాలాభాగం నశించాయి. పాట వంగడాలు పూర్తిగా అంతరించాయి.

యుద్ధం ముగిశాక, 1945 తర్వాత, మిగిలిన కొద్దిపాటి పక్షులతోనే పెంపకం మళ్ళీ మొదలుపెట్టారు. కౌజు త్వరగా పెరిగే పక్షి. కొద్ది సంవత్సరాలలోనే ఫారాలు నిండాయి. గుడ్ల పరిశ్రమ లేచి నిలబడింది. ఆ పక్షులు తరువాత అమెరికాకు, ఐరోపాకు, ఇతర దేశాలకు చేరాయి.

సంఖ్య తిరిగి వచ్చింది. కాని పాట తిరిగి రాలేదు. వందల సంవత్సరాలు శ్రమపడి ఎంచి కూర్చిన గుణాలు ఆ కొద్ది సంవత్సరాలలో పోయాయి. మిగిలిన పక్షులలో లేని గుణం వాటి సంతానంలో ఎక్కడి నుండి వస్తుంది? చెరువు ఎండి కడవెడు నీళ్ళు మిగిలితే, ఆ నీళ్ళలో ఉన్న చేపలే మళ్ళీ చెరువును నింపాలి. కడవలో లేని చేప చెరువులోనూ ఉండదు. నేటి పెంపుడు కౌజుల జన్యువులను అడవి కౌజుల జన్యువులతో పోల్చి చూసిన పరిశోధకులకు పెంపుడు పక్షులలో వైవిధ్యం తక్కువగా కనిపించింది.

మన దేశానికి రాక

జపాను కౌజులను 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుండి ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఉన్న ఇజ్జత్‌నగర్‌కు తెచ్చారు. 1979లో అక్కడే కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ ఏర్పడింది. గుడ్లకు ఒక వంగడం, మాంసోత్పత్తికి ఒక వంగడం, తెల్లని ఈకలుగలది ఒకటి, ఇలా ఆ సంస్థ వేర్వేరు వంగడాలను రూపొందించింది. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నందనం, నామక్కల్ పేర్లతో కౌజు వంగడాలను విడుదల చేసింది.

వంగడం అనే మాటను మనం పంటల విషయంలో తరచుగా వింటాం. ఈ మాట ఎక్కడిదో తెలుసా? వంశం అనే సంస్కృత పదానికి ఇది వికృతి. మంచి వంగడం అంటే మంచి వంశం అన్నమాటే.

కంటికి నూరు, వంశానికి పదిహేను

ఒక మందలో ఎన్ని పక్షులున్నాయో చూసి అది ఎంత సంపన్నమైనదో చెప్పలేము. చిన్న లెక్క వేసి చూద్దాం.

ఒక ఫారంలో తరువాతి తరానికి తల్లిదండ్రులుగా నూరు పక్షులను ఉంచారు. వాటిలో మగవి 25, ఆడవి 75. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించాలి. వచ్చినదానిని నాలుగుతో గుణించి, మొత్తం పక్షుల సంఖ్యతో భాగించాలి. జవాబు 75. ఆడమగలు సమానంగా ఉన్న 75 పక్షుల మంద తన వైవిధ్యాన్ని ఎంత నిలుపుకుంటుందో ఈ మంద కూడా అంతే నిలుపుకుంటుందని దీని అర్థం.

పక్క ఫారంలోనూ నూరు పక్షులే ఉన్నాయి. కాని అక్కడి పిల్లలన్నీ నాలుగు మగ పక్షుల సంతానం, ఆడవి 96. ఇప్పుడు లెక్కిస్తే జవాబు దాదాపు 15 మాత్రమే. కంటికి నూరు; వంశానికి పదిహేను! మొదటి ఫారం ఒక్కొక్క తరంలో తన వైవిధ్యంలో నూటికి ఒక వంతు కూడా కోల్పోదు. రెండవ ఫారం మూడు వంతులకు పైగా కోల్పోతుంది. నాలుగు తరాలు గడిచేసరికి ఆ నష్టం నూటికి పన్నెండు వంతులు దాటుతుంది. మనుషులకు నాలుగు తరాలంటే దాదాపు నూరేళ్ళు. కౌజులకు ఏడాది, ఏడాదిన్నర కాలం చాలు.

మరి ఇలా ఎందుకు జరుగుతుంది? పెంపకందారు బాగా గుడ్లు పెట్టే పెట్టలనే ఎంచుకుంటాడు. అది సహజమే. కాని బాగా గుడ్లు పెట్టే పెట్టలు చాలాసార్లు ఒకే తల్లి పిల్లలై ఉంటాయి. వాటినే ఉంచి మిగిలినవాటిని తీసివేస్తే, ఒకటి రెండు కుటుంబాలే మంద అంతటా నిండిపోతాయి. బయటినుండి కొత్త పుంజులను తేకపోతే అన్నాచెల్లెళ్ళే జతకట్టవలసి వస్తుంది.

దగ్గరి రక్తసంబంధం

మేనరికాలు వరుసగా జరిగిన కుటుంబాలలో కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తారు. దీనికి కారణం తెలుసుకోవాలి. ప్రాణిలో చాలా జన్యువులకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తండ్రి నుండి, ఒకటి తల్లి నుండి వస్తుంది. ఒక ప్రతిలో లోపం ఉన్నా, రెండవది బాగుంటే చాలాసార్లు ఆ లోపం బయటపడదు. దగ్గరి బంధువులలో ఒకే లోపం దాగి ఉండవచ్చు. వారి సంతానానికి రెండు ప్రతులూ లోపంతోనే వస్తే దానిని కప్పే మంచి ప్రతి ఉండదు.

తోబుట్టువులైన కౌజులను జతపరిస్తే, వాటి పిల్లలలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చే అవకాశం నూటికి 25. మరుసటి తరంలోనూ అలాగే చేస్తే అది 37.5 అవుతుంది. మూడవ తరానికి 50కి చేరుతుంది. కోళ్ళ కంటే కౌజులు దీనికి త్వరగా లొంగిపోతాయి. 1966లో కాలిఫోర్నియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఈ విషయం స్పష్టమైంది. తోబుట్టువులను వరుసగా జతపరుస్తూ పోతే కౌజు వంశాలు కొద్ది తరాలలోనే క్షీణించాయి. మొదట గుడ్లలో జీవం లేనివి ఎక్కువయ్యాయి. తరువాత పొదిగిన గుడ్లలో పిల్లలయ్యేవి తగ్గాయి. పుట్టిన పిల్లలలో బతికేవి తగ్గాయి.

ఇక్కడ ఒక మోసం ఉంది. బుట్టలో గుడ్లు కనిపిస్తూనే ఉంటాయి. గుడ్లు తినడానికి అమ్మేవారికి లోపం త్వరగా తెలియదు. పిల్లల కోసం పొదిగించేవారికే ముందు తెలుస్తుంది. వారు కూడా యంత్రంలో వేడి తగ్గిందనో, మేత బాగాలేదనో అనుకుంటారు. ఆ కారణాలూ ఉండవచ్చు. కాని అన్నీ సరిచేసినా పిల్లలు తగ్గుతూనే ఉంటే వంశం వైపు చూడాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ప్రయోజనం లేదు.

వైవిధ్యం ఎందుకు?

అన్ని పక్షులూ ఒకే తీరులో ఉంటే రైతుకు సుఖమే కదా అని మీరు అడగవచ్చు. గుడ్లన్నీ ఒకే పరిమాణంలో వస్తాయి, మేత ఒకే కొలత, అమ్మకం సులభం. ఈ మాటలో నిజం ఉంది. అందుకే వంగడాలు తయారుచేస్తారు. కాని ఎంచుకోవాలంటే తేడాలు ఉండాలి. మందలోని పక్షులన్నీ ఒకే తీరుగా ఉంటే అందులోనుండి మేలైనదానిని ఎలా ఎంచుతాం? వైవిధ్యం అడుగంటిన మందలో ఎంత శ్రద్ధగా ఎంచినా గుడ్ల సంఖ్య పెరగదు.

వేర్వేరు వంగడాలను సంకరపరిస్తే వాటి పిల్లలు తల్లిదండ్రుల కంటే బలంగా ఉండటం తరచుగా చూస్తాం. అయితే సంకరం చేయడానికి రెండవ వంగడం ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. అందరూ ఒకే వంగడాన్ని పెంచితే ఆ దారి మూసుకుపోతుంది.

రేపు ఏ గుణం అవసరమవుతుందో ఈరోజు తెలియదు. ఎండలు పెరగవచ్చు, కొత్త రోగం రావచ్చు, మేత మారవచ్చు. మందలో రకరకాల జన్యువులుంటే ఆ మార్పును తట్టుకొనే పక్షులు కొన్నైనా ఉండే ఆశ ఉంటుంది.

వైవిధ్యంతోపాటు దానిని ఎక్కడ దాచామన్నదీ ముఖ్యమే. జపానులో కౌజుల పెంపకానికి ఐచి రాష్ట్రంలోని తొయొహషి ప్రాంతం కేంద్రం. 2009లో అక్కడి ఫారాలలో బర్డ్ ఫ్లూ బయటపడింది. వ్యాధి పాకకుండా పెద్ద సంఖ్యలో పక్షులను చంపవలసి వచ్చింది. ఇలాంటి రోగభయం ఉన్నప్పుడు ఒక వంగడానికి చెందిన పక్షులన్నీ ఒకే చోట ఉంటే, ఒక్క దెబ్బకు వంశమంతా పోగలదు. ఇంటిల్లిపాది నగలనూ ఒకే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను వాకిట్లో ఉంచినట్లవుతుంది.

కాపాడే మార్గాలు

కౌజు వంశాన్ని కాపాడే పనిలో కొన్ని పెద్ద సంస్థలు చేయవలసినవి. కొన్ని చిన్న పెంపకందారు కూడా చేయగలిగినవి.

మొదటిది, లెక్క రాయడం. ఏ పిల్ల ఏ జంటకు పుట్టిందో తెలియాలి. పిల్ల రెక్కకు అంకె వేసిన పట్టీ కట్టి, పుస్తకంలో రాసుకుంటే తోబుట్టువులను జతపరచకుండా చూడవచ్చు.

రెండవది, మగ పక్షులను తగినన్ని ఉంచడం. సాధారణంగా రెండు మూడు పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉంచుతారు. తరువాతి తరానికి పక్షులను ఎంచేటప్పుడు ఒకటి రెండు కుటుంబాల నుండే కాక, ప్రతి కుటుంబం నుండీ కొన్నిటిని తీసుకోవాలి.

మూడవది, పుంజులను మార్చడం. మందను నాలుగైదు గుంపులుగా చేసి, ఒక గుంపులో పుట్టిన పుంజులను ప్రతి తరంలో పక్క గుంపుకు వంతుల ప్రకారం పంపాలి. ఖర్చు లేని ఈ పద్ధతి దగ్గరి రక్తసంబంధాన్ని చాలా కాలం వాయిదా వేస్తుంది. వేరే ఊరి పెంపకందారులతో పుంజులను మార్చుకోవడం ఇంకా మంచిది. అయితే కొత్త పక్షులను కొన్ని వారాలు విడిగా ఉంచి, రోగం లేదని తేలాకే మందలో కలపాలి.

నాలుగవది, పాత వంగడాలను పోనీయకపోవడం. ఇది సంస్థల పని. విత్తనాన్ని గాదెలో దాచినట్లు పక్షి గుడ్డును దాచలేము. పచ్చసొన పెద్దది కావడం వల్ల గుడ్డును గడ్డకట్టించి మళ్ళీ జీవం పోయడం సాధ్యపడలేదు. బీజగ్రంథుల కణజాలాన్ని అత్యంత శీతల స్థితిలో భద్రపరిచి, దానినుండి మళ్ళీ కౌజుపిల్లలను పొందే ప్రయత్నాలు ప్రయోగశాలల్లో ఫలించాయి. అయినా సామాన్య పెంపకందారుకు అందుబాటులో ఉన్న మార్గం ఒక్కటే. రోజూ మేత వేస్తూ, నీళ్ళు పెడుతూ, పక్షులను సజీవంగా ఉంచుకోవాలి.

అడవిలోని కౌజులూ మనకు ఆస్తే. పెంపుడు పక్షులు పోగొట్టుకున్న జన్యువులు వాటిలో ఇంకా ఉండవచ్చు. ఆ అడవి జపాను కౌజు కూడా ఇప్పుడు ముప్పు అంచున ఉన్నట్లు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి తన జాబితాలో పేర్కొన్నది.

ముగింపు

పాట కౌజులను పోగొట్టుకున్నవారు చెడ్డవారు కారు. ఆకలి రోజులలో పాటకు విలువ లేదనుకున్నారు. పక్షులను నిలుపుకొనే శక్తి వారికి లేకపోయింది. కాని ఆ రోజు పనికిరాదనిపించిన గుణం ఈ రోజు వెలకట్టి కొందామన్నా దొరకదు. ఈ రోజు మన ఫారాలలో తక్కువ గుడ్లు పెడుతున్నదని తీసివేస్తున్న పక్షిలో రేపటికి కావలసిన ఏకైక గుణం దాగి ఉండవచ్చు. మందను లెక్కించేటప్పుడు తలలను మాత్రమే కాక వంశాలను కూడా లెక్కించాలి. చుక్కల గుడ్ల తట్ట మనకు నేర్పే పాఠం ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

జన్యువు = తల్లిదండ్రుల గుణాలను సంతానానికి అందించేది
వంగడం = ప్రత్యేక గుణాలు గల రకం
సంకరపరచు = వేర్వేరు రకాలను కలిపి సంతానాన్ని పొందు
క్షీణించు = తగ్గిపోవు, నశించు
అడుగంటు = పూర్తిగా తరిగిపోవు
గాదె = ధాన్యం నిల్వచేసే చోటు

అభ్యాసాలు

అ) కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. జన్యువైవిధ్యం అంటే ఏమిటి?
2. పెంపుడు కౌజు వంశాభివృద్ధి మనిషి చేతిలోనే ఉందని ఎందుకు అన్నారు?
3. గుడ్లు తినడానికి అమ్మేవారికంటే పొదిగించేవారికి వంశలోపం ముందుగా ఎందుకు తెలుస్తుంది?

ఆ) కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. “సంఖ్య తిరిగి వచ్చింది. కాని పాట తిరిగి రాలేదు.” ఈ మాటలను వివరించండి.
2. ఒక మందలో మగవి 10, ఆడవి 40 ఉన్నాయి. పాఠంలో చెప్పిన పద్ధతిలో లెక్కించి, వచ్చిన జవాబు అర్థాన్ని మీ మాటలలో రాయండి.

ఇ) భాషాభ్యాసం
1. సంధి విడదీసి, పేరు రాయండి: వంశాభివృద్ధి, మాంసోత్పత్తి, అత్యంత, ఏకైక.
2. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి: మధురగానం, రోగభయం, ఆడమగలు, నాలుగు తరాలు.
3. ‘వంశం’ అనే పదానికి కులం అనే అర్థమే కాక మరొక అర్థం కూడా ఉంది. నిఘంటువు చూసి రాయండి.
4. “చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు” అనే సామెతను సొంత వాక్యంలో ప్రయోగించండి.

ఈ) చేయవలసిన పని
మీ ఇంట్లో తెలుగులో కౌజును ఏమంటారో, మీ ఊరి ఇతర భాషలవారు ఏమంటారో అడిగి పట్టికగా రాయండి. మీ ప్రాంతంలో ఒకప్పుడు పెంచి, ఇప్పుడు కనిపించని కోడి, మేక లేదా పశువు రకం ఏదైనా ఉంటే పెద్దలను అడిగి తెలుసుకొని, దాని గుణాలను ఒక పేజీలో రాసి తరగతిలో చదవండి.